కదలలేనివారి పట్టిక

భారతము చదివినవారికిని, పురాణకాలక్షేపమున విన్నవారికిని లక్కయింటి కథ క్రొత్త కాదు. విదురుడు ముందుగా హెచ్చరించెను. సొరంగము త్రవ్వుటకు నేర్పరిని పంపెను. మంటలు లేచిన రాత్రి భీముడు తల్లిని మోసికొని బయటపడెను. హెచ్చరిక, మార్గము, మోయువాడు, ఈ మూడును సమకూడుటచే కుంతీదేవి బ్రదికినది. అదే రాత్రి, అదే యింట, అన్నమునకై వచ్చి తిని నిద్రించిన ఒక నిషాదస్త్రీయు, ఆమె కుమారులైదుగురును దగ్ధులైరి. తెల్లవారిన పిదప జనులు ఆ యారు కళేబరములను చూచి, పాండవులును కుంతియు మరణించిరని విలపించిరి. ఆ నిర్భాగ్యురాలు చచ్చిన తరువాత సైతము తన పేరున లెక్కింపబడలేదు. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఆదిపర్వము చదువుకొనునప్పుడు ఈ ఘట్టమును మేము గబగబ దాటిపోతిమి. 2023 డిశంబరు నాటి గాలివాన తరువాత మాత్రము అట్లు దాటిపోలేకున్నాము.

ఆ సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. డిశంబరు 5వ తేదీ మధ్యాహ్నము మిచాంగ్ అను తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. ముందునాడే మా ఊరివారిని తరలింపవలెనని ఆజ్ఞ వచ్చినది. మా ఊరికి సముద్రము దూరము కాదు. పాఠశాలయే ఆశ్రయస్థానము, దాని తాళపుచెవులు మా ఇంటివారియొద్ద నుండును. కనుక ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో మా కండ్లబడుచుండెను. మధ్యాహ్నము మొదలు ఆటోమీద మైకు కట్టి వీధివీధిని చాటించిరి. జనులు చాపలు, బియ్యపు మూటలు, కోళ్లగంపలు పట్టుకొని, చంటిపిల్లల నెత్తుకొని రాసాగిరి. ప్రొద్దుగ్రుంకునప్పటికి తరగతి గదులన్నియు నిండినవి. ఒక ఉద్యోగి వచ్చి తలలు లెక్కించి, ఆ సంఖ్యను సెల్‌ఫోనులో పైవారికి తెలిపి, మఱియొక ఊరికి పోయెను. ఆయన దోషమేమియు లేదు. వచ్చినవారిని లెక్కించుమని ఆయనకు చెప్పిరి గాని, రానివారిని లెక్కించుమని చెప్పలేదు.

రాత్రి భోజనములైన పిదప గిన్నెలు కడుగుచుండగా మా వీధి చివరి యింటి కోడలు కనబడలేదని మాకు స్ఫురించినది. ఆమె కుమారుడు, ఏడేండ్లవాడు, పొరుగువారి పిల్లలతో కూర్చుండియున్నాడు. తల్లి లేదు. టార్చిలైటు పట్టుకొని మా ఇంటివారును మేమును పోయి చూచితిమి. గాలి అప్పటికే తాటిమట్టలను విసరుచున్నది. ఆ రేకుల యింట లాంతరు వెలిగించుకొని ఆమె మంచముప్రక్కన కూర్చుండియున్నది. మంచముమీద అత్తగారు, పక్షవాతమువచ్చి మూడేండ్లు. మగవాడు పనికి పొరుగూరు పోయి గాలివానలో చిక్కుకొనెను.

“ఇంకా ఇక్కడే ఉన్నావేమమ్మా?” అని అడిగితిమి.

“అత్తనొదిలేసి నేనెట్టా వచ్చేదమ్మగారూ? మైకు బండి రెండుసార్లు వచ్చింది. అందరూ రండి, అందరూ రండి అంటాడు. రాలేనోళ్లెవరో చెప్పండి అని ఒక్కసారన్నా అన్నాడా? పిల్లోణ్ణి పంపించా. వాణ్ణి కాస్త కనిపెట్టుకోండి, అంతే చాలు” అని ఆమె బదులు చెప్పినది.

ముసలామె మాట సరిగా పలుకలేదు. అయినను చేయి కదలించుచు, దీనిని తీసికొనిపొండు, నన్ను విడువుడు అను భావమును తెలిపినది. ఆశ్రమవాసపర్వమున దావాగ్ని చుట్టుముట్టినప్పుడు గ్రుడ్డిరాజు సంజయునితో నీవు పొమ్మని చెప్పిన మాట మాకా క్షణమున జ్ఞప్తికి వచ్చినది. సంజయుడు పోయెను. కోడండ్లు పోరు.

మా ఇంటివారు పాఠశాలకు పరుగెత్తి నలుగురు యువకులను పిలుచుకొని వచ్చిరి. మనిషితో సహా మంచము గుమ్మమున పట్టలేదు. చివరకు దళసరి దుప్పటిలో పరుండబెట్టి నాలుగు కొసలు నలుగురు పట్టుకొని ఆ వానలో మోసికొని వచ్చిరి. పాఠశాలకు ఐదు మెట్లు, వాలుబాట లేదు. మరుగుదొడ్డి ఆవరణమునకు ఆ చివర, మోకాలిలోతు నీటిలో నున్నది. రాత్రి అంతయు ఆమెకు కావలసిన పరిచర్యకు ఇద్దరు స్త్రీలు చీరను తెరగా పట్టుకొని నిలువవలసివచ్చినది. మరునాటికి ఆ యింటి రేకులు లేచిపోయి పొరుగువారి పెరటిలో పడియుండెను. మాకు గిన్నెలు కడుగుచుండగా స్ఫురింపకున్నచో ఏమయ్యెడిదో మీరే యూహింపుడు. ఇద్దరి ప్రాణములు మా జ్ఞాపకశక్తిమీద ఆధారపడియుండుట మాకు నేటికిని భయమును కల్గించుచున్నది.

ఇద్దరి ప్రాణములంటిమి. కదలలేని ప్రతి మనిషి వెనుకను కదలగలిగియు కదలని మనిషి ఒకరుందురు. తఱచుగా ఆమె భార్యయో, కోడలో, కూతురో, తల్లియో అయి యుండును. కనుకనే ఇది స్త్రీలు చదువు పత్రికలో వ్రాయవలసిన విషయమని తలచితిమి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు 10,000 మంది ప్రాణములు పోయినవి. నాడు హెచ్చరికయే సకాలమున జనులకు చేరలేదు. నేడట్లు కాదు. గాలివాన ఎక్కడ పుట్టినది, ఎటు తిరిగినది నాలుగు దినముల ముందే ప్రతి సెల్‌ఫోనుకును తెలియుచున్నది. విదురుని పని జరుగుచున్నది. కొన్నియెడల సొరంగమును సిద్ధముగా నున్నది. భీముడెవడో మాత్రము ఏ యింటికిని నిర్ణయింపబడలేదు.

ఇట్టివారి పేర్లను ముందుగానే వ్రాసియుంచవలెనని మన శాసనమే చెప్పుచున్నదని తరువాత తెలిసికొంటిమి. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది; 2017 ఏప్రిలు 19 నుండి అమలులో నున్నది. (పేరెంత దివ్యముగా నున్నను మెట్లు మెట్లే.) దాని 8వ సెక్షను ప్రకారము, కలెక్టరుగారు అధ్యక్షులుగాగల జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఆ జిల్లాలోని దివ్యాంగుల వివరములను నమోదు చేసి ఉంచవలెను, ఆపద రానున్నప్పుడు వారికి తగిన రీతిని తెలియజేయవలెను. తగిన రీతి యనునది గమనింపదగినది. చెవిటివానికి మైకు బండి యెందుకు? చూపులేనివానికి గోడమీది ప్రకటన యెందుకు? 2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఈ విషయమై ప్రత్యేకముగా మార్గదర్శక సూత్రములను గూడ ప్రకటించినది. 2011 జనాభా లెక్కలలో మన దేశమున దివ్యాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. ఒక కార్యాలయమునకు పోయి, మా ఊరివారి పట్టిక ఉన్నదా యని మేమడుగగా, అక్కడి గుమాస్తాగారు మర్యాదగానే ఒక కాగితము చూపిరి. చూపులేనివారు ఇందరు, నడువలేనివారు ఇందరు, చెవులు వినబడనివారు ఇందరు. అందు పేర్లు లేవు, వీధులు లేవు. సంఖ్యను దుప్పటిలో పరుండబెట్టి మోయలేము గదా!

ఇతర దేశములవారు ఈ విషయమున ఎట్టి అనుభవము పొందిరో చూతము. జపానుదేశమున 2011 మార్చి 11న భూకంపమును సముద్రపుటుప్పెనయు వచ్చినప్పుడు, మునిగిన ప్రాంతములలో సామాన్య జనుల కన్న దివ్యాంగులు రమారమి రెండింతల నిష్పత్తిలో మరణించిరని లెక్కలు తేల్చినవి. విచిత్రమేమనగా, పెక్కు పురపాలక సంఘములయొద్ద దివ్యాంగుల పేర్లు అప్పటికే ఉన్నవి. సాయపడ వచ్చినవారు ఆ పేర్లడుగగా, వ్యక్తుల రహస్యములను కాపాడు చట్టమును చూపి వారు ఇయ్యలేదు. పుకుషిమా ప్రాంతమునందలి మినమిసోమా నగరము మాత్రము ధైర్యము చేసి ఇచ్చినది. ఈ దుఃఖానుభవమువలన 2013లో శాసనము మార్చిరి. తమంతట తాము తరలిపోలేనివారి పట్టికను ప్రతి పురపాలక సంఘమును తప్పక తయారుచేయవలెను. మామూలు దినములలో ఆ మనిషి సమ్మతించిననే పట్టికను ఊరి సహాయకుల కియ్యవలెను. ఆపద వచ్చిన క్షణమున సమ్మతి లేకున్నను ఇయ్యవచ్చును. ఈ రెండు వాక్యములలో ఎంత లోకజ్ఞాన మున్నదో మీరే యోచింపుడు. అంతటితోను చాలలేదు. పేరున్నది గాని, ఎవరు పోయి తీసికొనిరావలెను? ఎక్కడికి? ఏ దారిని? కనుక 2021లో మరల సవరించి, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క తరలింపు పత్రమును వ్రాయుటకు పురపాలక సంఘములు యత్నింపవలెనని విధించిరి.

జపానువారి కథలో మఱియొక సంగతి గలదు, దానిని మఱువరాదు. 2011 నాటి యుప్పెనలో ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళములవారు 250 మందికి పైగా మరణించిరి లేక గల్లంతైరి. వారిలో పెక్కురు ఇతరులను తరలించుచునో, సముద్రపు తూములను మూయుచునో ప్రాణములు విడిచినవారు. మోయువానికిని తల్లియు బిడ్డలును ఉందురు. అందుచే కదలలేనివారిని చివరి గడియలో కాక, అందరికంటె ముందుగా, ఎండ కాయుచుండగానే తరలింపవలెను. మా ఊరిలో జరిగినది సరిగా దీనికి విరుద్ధము: కాళ్లున్నవారు మధ్యాహ్నము వచ్చిరి, కాళ్లు లేనామె అర్ధరాత్రి వచ్చినది.

అమెరికాలో 2005లో కత్రీనా తుపానుచే లూసియానా రాష్ట్రమున మరణించినవారిలో దాదాపు సగము మంది 75 ఏండ్లు, అంతకు పైబడినవారు. ఫ్లారిడా రాష్ట్రమున ఇట్టివారు తమ పేర్లను ఉచితముగా నమోదు చేసికొను ఏర్పాటు శాసనమునందే కలదు. దానిని ఏటేట సరిచూచుకొనవలెను. టెక్సాసు రాష్ట్రమున 211 అను సంఖ్యకు ఫోను చేసి వ్రాయించుకొనవచ్చును. కాని పేరు వ్రాయించుకొన్నంతమాత్రమున సాయము తప్పక వచ్చునని పూచీ లేదని ఆ నమోదువారే ముందుగా చెప్పుదురు. ఇది కఠినముగా తోచినను నిజము చెప్పుట మేలే. పేరిచ్చితిమిగదా యని ఎదురుచూచుచు గుమ్మమున కూర్చుండుటకన్న, పేరిచ్చి పొరుగువానితో గూడ ఒక మాట చెప్పియుంచుట మంచిది.

మన దేశమున ఇది సాధ్యమా యని కొందఱు సందేహింతురు. సాధ్యమే. ఒరిస్సాలో 2024 అక్టోబరున దానా తుపాను వచ్చినప్పుడు 4,000 మందికి పైగా గర్భిణీస్త్రీలను ముందుగానే ఆరోగ్యకేంద్రములకు చేర్చిరి. దాదాపు 1,600 మంది అక్కడనే ప్రసవించిరి. ఏ యింట ఏ నెల గర్భిణి యున్నదో ఎట్లు తెలిసినది? ఆశా కార్యకర్తల పుస్తకములలో పేరు, ఇల్లు, పురిటి గడువు ముందే వ్రాయబడియుండును. ఆ పుస్తకము పురుడుకొఱకు వ్రాసినది, గాలివానకొఱకు కాదు. అయినను ఉపయోగపడినది.

అట్టి పుస్తకములు మన యాంధ్రదేశమునను లేకపోలేదు. 2024 జులై నుండి పూర్తిగా మంచము పట్టినవారికి నెలకు 15,000 రూపాయలు, డయాలిసిస్ చేయించుకొను మూత్రపిండరోగులకు 10,000 రూపాయలు, ఇతర దివ్యాంగులకు 6,000 రూపాయలు పింఛనుగా నిర్ణయించిరి. దానిని సచివాలయపు టుద్యోగులు ఇంటింటికి తెచ్చి ఇత్తురు. అనగా ప్రతి నెల మొదట ఎవరో ఒకరు ఆ మంచముదాక వచ్చి, ఆ మనిషిని కండ్లార చూచి పోవుచున్నారు. డబ్బు ఇచ్చుటకు దారి తెలిసినప్పుడు మనిషిని తెచ్చుటకు దారి తెలియదా? ఈ పట్టికను తుపాను కార్యాలయపు బల్లమీదికి చేర్చుటకు క్రొత్తగా కనిపెట్టవలసిన విద్య యేదియు మాకు కనబడలేదు.

శ్రీకాకుళపు టుద్దానము నొక్కమారు తలచుకొనుడు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఇంటింటిని పీడించుచున్నది. డయాలిసిస్ వారమునకు రెండు మూడుమార్లు జరుగవలెను. ఒక వాయిదా తప్పిన ఒడలు ఉబ్బును, ఊపిరి ఆడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతముననే తీరము దాటి, కొబ్బరితోటలను జీడితోటలను నేలబెట్టినది. దారులు మూసికొనినవి, విద్యుత్తు పోయినది. అట్టిచోట ఆ రోగులకు అన్నపు పొట్లముకన్న ముఖ్యమైనది దారి. ఏ పల్లెలో ఎవరికి ఏ వారము వాయిదాయో వ్రాసియున్నచో, ఏ దారిని ముందుగా చెట్లు తొలగింపవలెనో ఆ కాగితమే చెప్పును. ఇంట ప్రాణవాయు యంత్రము పెట్టుకొన్నవారి సంగతియు నింతే. కరెంటు పోయిన తరువాత వారి గడువు దినములలో కాదు, గంటలలో లెక్కింపవలెను. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మున్నగు పేటలు దినములతరబడి నీట నున్నప్పుడు డ్రోనులు ఆకాశమునుండి ఆహారము జారవిడిచినవి. మేలే. కాని డ్రోనునకు మేడమీద లోపలి గదిలో మంచమున నున్నవారు కనబడరు.

ఇక మన యిండ్లలోని అడ్డంకిని గూర్చి. పేరు వ్రాయింపుడనగానే మొదట వచ్చు జవాబు, “మా యింట అట్టివారెవరును లేరు” అనునది. అయిదేండ్లుగా పెరటిగదిలో నున్న మఱది లేనివాడగును. మూర్ఛవచ్చు కూతురు లేనిదగును. చెల్లెలికి సంబంధములు చూచుచున్నారు. అన్నకు మతి చలించినదని వ్రాతమూలముగా బయటపడిన ఎట్లు? దీనిని మేము తేలికగా త్రోసివేయము. లోకము చేయు అన్యాయమును భరించునది ఆ ఆడపిల్ల గాని మేము కాము. ఒంటరిగా మంచముపట్టిన ముసలిదాని చిరునామా దొంగల చేతబడునేమో యను భయమును నిర్హేతుకము కాదు. కనుక పట్టికను గోడకు అంటింపరాదు, చదివి వినిపింపరాదు, ఎవరియొద్ద ఉండునో వారి పేరు పేరిచ్చినవారికి తెలియవలెను, వద్దన్నచో కొట్టివేయవలెను. ఇంత జాగ్రత్త చేసిన పిదపను దాచుట మాత్రము, మా యభిప్రాయమున, అన్నకును చెల్లెలికిని గూడ కీడే.

2024 వేసవిలో మేము రెండు వీధులకు ఒక నోటుపుస్తకము ప్రారంభించితిమి. సర్కారు పట్టికకు ఇది ప్రత్యామ్నాయము కాదు; నకలు సచివాలయములో ఇచ్చితిమి. వ్రాయగా వ్రాయగా ఏమి వ్రాయవలెనో బోధపడినది. వ్యాధి పేరుకన్న మనిషి ఏ గదిలో పరుండునో ముఖ్యము. నడువలేరని వ్రాసిన చాలదు. కుర్చీలో కూర్చుండగలరా, పరుండబెట్టియే మోయవలెనా, ఎక్కడ పట్టుకొనిన నొప్పి పుట్టును? చెవులు వినబడనివారిని నిద్రనుండి ఎట్లు లేపవలెను? ఒక యింట బిడ్డ క్రొత్తవారు ముట్టిన కెవ్వున అరచి కొట్టుకొనును. వానికి పాత ఎఱ్ఱ తువాలు చేతికిచ్చిన శాంతించునని తల్లి చెప్పినది. అదియు వ్రాసితిమి. మందుల చీటీ నకలును, వారమునకు సరిపడు మందులును ఒక సంచిలో. ఇన్సులిను తీసికొనువారికి తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండ, కరెంటు లేనప్పుడు చల్లదనమునకు. పేరుకెదురుగా మోయువారు ఇద్దరు. ఒకరు ఊరిలో లేకపోవచ్చునని రెండవవారు. ఆ యిద్దరును పగటిపూట ఒకసారి ఆ యింటికి పోయి గుమ్మము కొలత చూచుకొనవలెనని మా ఇంటివారు పట్టుబట్టిరి. మాకు నవ్వు వచ్చినది గాని, దుప్పటి రాత్రి గుర్తుకు వచ్చి ఊరకుంటిమి. ఈ కుర్రవాండ్రలో ఇద్దరు గాలివానకు భయపడక పేరిచ్చిరి గాని, ముసలివారు కథలు చెప్పి కూర్చుండబెట్టుదురని భయపడిరి!

పదునేడు పేర్లు చేరినవి. అందు మొదటిది ఆ వీధి చివరి అత్తగారిది. పదునెనిమిదవ పేరు మాకు తెలియును గాని వ్రాయలేదు. ఇరువది రెండేండ్ల పిల్లవాడు. మనస్సు స్థిమితములో ఉండదు. తల్లి మా గుమ్మముదాక వచ్చి, “మీకు చేతులెత్తి మొక్కుతా, మావాడి పేరు ఎక్కడా రాయకండి” అని వేడుకొనగా పుస్తకము మూసితిమి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము సమీపమున తీరము దాటినది. మాకు 26వ తేదీననే కబురు తెలిసినది. 27వ తేదీ మధ్యాహ్నమునకు, మైకు బండి ఇంకను రాకముందే, పుస్తకములోనివారిలో రేకుల యిండ్లలోను పల్లములోను ఉన్న తొమ్మండుగురిని పాఠశాలకు చేర్చితిమి. మెట్లు అట్లే ఉన్నవి. వాలుబాటకై వ్రాసిన అర్జీలకు ఇంకను జవాబు లేదు. రెండు పడవచెక్కలను మెట్లమీద పఱచి చక్రముల కుర్చీని ఎక్కించిరి. మరుగుదొడ్డికి దగ్గరనున్న గదిని వారికే విడిచి, తలుపుకు గట్టి తెర కట్టితిమి. వీధి చివరి కోడలు ఈమాఱు అత్తగారితో, పిల్లవానితో, కోళ్లగంపతో గూడ వచ్చినది.

ఆ పిల్లవాడు రాలేదు. 28వ తేదీ రాత్రి గాలి మొదలైన పిదప తల్లియు అతడును తడిసి ముద్దయై తామే వచ్చిరి. దారిలో అతడు రెండుమాఱులు చేయి విడిపించుకొని చీకటిలో పరుగెత్తెనట, చెరువుగట్టుమీద పట్టుకొన్నదట. ఆమె మోచేయి చర్మము లేచిపోయియున్నది. మేము పసుపు అద్ది కట్టు కట్టితిమి. ఎవరమును పుస్తకము మాట ఎత్తలేదు.

రెండు దినముల తరువాత నీరు తీసినది. ఆమె మా యింటికి వచ్చి, కొంతసేపు వాన సంగతులే మాటాడి, చివరకు అడిగినది: “మావాడి పేరు కూడా రాయండమ్మగారూ. కాకపోతే పెన్సిలుతో రాయండి. పిల్ల పెళ్లి అయ్యాక సిరాతో దిద్దుకుందాం.”

పెన్సిలుతోనే వ్రాసితిమి. మోయువారి గడిలో మా ఇంటివారి పేరును, వీధి చివరి కోడలి పేరును వ్రాసితిమి.